సంక్రాంతి కార్యక్రమం, పనుల పంపకం: పడవ లైబ్రరీ పిల్లల చేతికే ఇద్దామా?

అందరికీ నమస్తే. హాల్ ఖాయమైంది. సంక్రాంతి తర్వాత వచ్చే శనివారం ఉదయం 9 నుంచి సాయంత్రం 5 దాకా మనదే. మన మెల్‌బోర్న్ టార్నీట్ స్టేషన్ నుంచి నడిచి వచ్చేంత దూరం, కాబట్టి కారు లేని స్టూడెంట్లకు కూడా ఇబ్బంది లేదు. పనులు పంచుకునే ముందు ఒక విషయం తేల్చుకోవాలి, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ఇన్నేళ్లూ మన పిల్లలతో ఏం చేయించాం? కుర్చీలు వేయించాం, ప్లేట్లు ఎత్తించాం, స్టేజి మీద డాన్సులు చేయించాం. పోయినసారి అందరూ వెళ్లిపోయాక పదో తరగతి చదివే ఒకబ్బాయి చెత్త సంచి మూతి ముడేస్తూ, "ఆంటీ, వచ్చే ఏడాది ఏం చేయాలో మమ్మల్ని కూడా అడుగుతారా?" అన్నాడు. అడుగుతానని మాటిచ్చాను. అందుకే మొన్న ఆదివారం పన్నెండు మందిని మా ఇంట్లో కూర్చోబెట్టి అడిగాను. అడగడం మొదలుపెడితే ఆగలేదు వాళ్లు.

వాళ్లు చెప్పింది ఇదీ. ఒకమ్మాయికి వాళ్ల తెనాలి తాతగారు పడవ లైబ్రరీ గురించి చెప్పారట. 1935లో గ్రంథాలయోద్యమ నాయకులు పాతూరి నాగభూషణం గారు పడవ నిండా పుస్తకాలు పెట్టించి, కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద ఊరూరా తిప్పారు కదా, ఆ సంగతి. మనం కూడా అట్టపెట్టెలతో పడవ కట్టి, దాని నిండా పాత వీసీఈ (ఇక్కడి పదకొండు, పన్నెండు తరగతుల) పుస్తకాలు పెట్టి, కావలసిన వాళ్లకు ఉచితంగా ఇద్దామంటున్నారు. జనవరి నెలాఖరుకు బడులు తెరుస్తారు, బుక్‌లిస్ట్ పట్టుకుని అందరూ కొనుక్కునే రోజులు అవే. కొత్తవి కొనాలంటే వందల డాలర్లు. ఇండియా నుంచి నిన్నగాక మొన్న దిగిన కుటుంబాలకు పాతవి ఎక్కడ దొరుకుతాయో కూడా తెలియదు. నిజం చెప్పాలంటే మన కమిటీలో ఎవరికీ తట్టని ఆలోచన ఇది.

నా ప్రతిపాదన: ఈ స్టాల్‌కు 1,500 డాలర్లు కేటాయించి, ఆ డబ్బు ఎలా ఖర్చుపెట్టాలో వాళ్లనే నిర్ణయించుకోనిద్దాం. మనం సలహా అడిగితే చెబుదాం, అంతే. అభ్యంతరాలుంటే ఇక్కడే రాయండి.

ఫుడ్ టీమ్ నుంచి:
అమ్మా, పిల్లలు ముందుకొస్తే అంతకన్నా ఏం కావాలి. కానీ డబ్బు విషయంలో నాకు కాస్త టెన్షన్‌గానే ఉంది. అది ఇంటింటికీ తిరిగి 20, 30 డాలర్ల చొప్పున పోగుచేసిన డబ్బు. రేపు లెక్క తేలకపోతే ఎవరు జవాబు చెప్పాలి? ఇక వంట సంగతి. ఈసారి ఇళ్లలో వండి తేవడం వద్దు, కౌన్సిల్ దగ్గర రిజిస్టరైన కిచెన్ ఉన్న కేటరర్‌తోనే వెళ్దాం. స్టాల్‌కు ఫుడ్‌ట్రేడర్‌లో (ఫుడ్ స్టాళ్లను నమోదు చేసే ప్రభుత్వ వెబ్‌సైట్) చేయాల్సిన పని నేను చూసుకుంటాను. సాంబారు, చక్కెర పొంగలి 60 డిగ్రీల పైన, పెరుగన్నం 5 డిగ్రీల లోపల ఉండాలి. ఆ రెండు ఉష్ణోగ్రతల మధ్య నాలుగు గంటలు దాటిందంటే ఎంత మిగిలినా పారబోయాల్సిందే. థర్మామీటరు పట్టుకుని గంట గంటకూ రాసేవాళ్లు ఇద్దరు కావాలి.

పిల్లల జట్టు నుంచి:
అంకుల్, లెక్క మేం రాస్తాం. ప్రతి బిల్లు ఫోటో తీసి అదే రోజు షీట్‌లో పెడతాం, మీరెవరైనా ఎప్పుడైనా చూడొచ్చు. 200 డాలర్లు దాటిన ఖర్చుకు ముందే ఇక్కడ చెబుతాం. ఇంకో మాట, పుస్తకాలిచ్చేవాళ్లు ఎడిషన్ చూసి ఇవ్వండి ప్లీజ్. వీసీఈ మ్యాథ్స్ స్టడీ డిజైన్, అంటే సిలబస్, 2023లో మారింది, అంతకు ముందువి తీసుకుంటే ఎవరికీ పనికిరావు. ఆన్‌లైన్ పుస్తకం తెరిచే డిజిటల్ కోడ్ వాడేసి ఉంటే ఆ సంగతి అట్ట మీద రాసి ఇవ్వండి. పోయినేడు మా తమ్ముడికి ఎవరో ఇచ్చిన పుస్తకంలో సగం ఎక్సర్‌సైజులు పెన్నుతో చేసేసి ఉన్నాయి, వాడు ఏడాదంతా జవాబుల మీద కాగితం కప్పుకుని లెక్కలు చేశాడు. అలాంటివి వద్దు.

స్టూడెంట్ వాలంటీర్:
అక్కా, పడవ పక్కనే నాకు ఒక టేబుల్ ఇవ్వండి, ఉద్యోగాల్లో మన హక్కులేమిటో చెబుతాను. నేను వచ్చిన కొత్తలో ఒక షాపులో మూడు నెలలు చేశాను, పేస్లిప్ ఇవ్వలేదు, చేతిలో క్యాష్ పెట్టేవాళ్లు, అదీ కనీస వేతనం కన్నా బాగా తక్కువ. వీసా పోతుందేమోనని నోరెత్తలేదు. స్టూడెంట్ వీసా మీద చదువు నడిచే రోజుల్లో పక్షానికి 48 గంటలే చేయాలని, టీఎఫ్ఎన్ (పన్ను నంబరు) అంటే ఏమిటో, తక్కువ ఇస్తే జీతాల ఫిర్యాదులు చూసే ప్రభుత్వ సంస్థ ఫెయిర్ వర్క్‌ను అడగొచ్చని నాకప్పుడు ఒక్కరు చెప్పి ఉంటే చాలు. మన పిల్లలు కూడా ఇప్పుడు మొదటి ఉద్యోగాల్లో చేరుతున్నారు, వాళ్లకీ ఇది కావాలి.

మళ్లీ నేను:
టేబుల్ నీదే. ఎంతసేపు కావాలంటే అంతసేపు కూర్చో తమ్ముడూ, నీతో పాటు మా ఆయన కూడా ఉంటారు.

అంకుల్, మీ ప్రశ్న సరైనదే, పిల్లలు దానికి మనకన్నా మంచి జవాబే ఇచ్చారు. మన ఖర్చుల లెక్క కూడా అదే షీట్‌లో పెడదాం. మన ఏడుగురి కమిటీలో నలభై దాటని వాళ్లు ఒక్కరే ఉన్నారు. ఇప్పుడు వీళ్లకు లెక్కలు, నిర్ణయాలు అప్పగించకపోతే పదేళ్ల తర్వాత ఈ హాల్ బుక్ చేసేవాళ్లే ఉండరు.

మిగిలినవి గబగబా. పార్కింగ్‌లో భోగి మంట వద్దు. ఇక్కడ ఎండాకాలం కదా, టోటల్ ఫైర్ బ్యాన్ ప్రకటిస్తే ఆరుబయట మంట వేయకూడదు, ఆ సంగతి చాలాసార్లు ముందు రోజే తెలుస్తుంది. భోగిపళ్లు లోపలే పోద్దాం. ముగ్గుల పోటీకి, పిల్లల ఆటలకు నిలబడే పెద్దలు వర్కింగ్ విత్ చిల్డ్రన్ చెక్ (పిల్లలతో పనిచేసేవాళ్ల నేపథ్య తనిఖీ) ఉందో లేదో చూసుకోండి. వాలంటీర్లకు ఉచితమే, 5 ఏళ్లు చెల్లుతుంది, కానీ కార్డు రావడానికి టైం పడుతుంది కాబట్టి ఈ వారమే అప్లై చేయండి.

పడవకు ఫ్రిజ్ వచ్చిన పెద్ద అట్టపెట్టెలు ఆరు కావాలి. నా దగ్గర ఒకటుంది. మిగతా ఐదు ఎవరి గరాజ్‌లో ఉన్నాయో చెప్పండి, ఆదివారం వ్యాన్ వేసుకొచ్చి తీసుకెళ్తాం.