రోజూ నడిచే వీధిలో దాక్కున్న చరిత్రను ఎలా గుర్తుపట్టాలి?

కోటలకీ మ్యూజియాలకీ బోర్డులుంటాయి కాబట్టి వాటితో ఇబ్బంది లేదు. నాకు కావాల్సింది ఎవరి కంటా పడనివి. లండన్‌లో కొన్ని పాత అపార్ట్‌మెంట్ల ముందున్న ఇనుప కంచెలు నిజానికి స్ట్రెచర్లట! రెండో ప్రపంచ యుద్ధంలో బాంబుదాడుల్లో గాయపడినవాళ్లను మోయడానికి చేయించి, యుద్ధం అయ్యాక కంచెలుగా బిగించేశారు. నేలకు ఆన్చడానికి కడ్డీల్లో పెట్టిన వంపులు ఇప్పటికీ కనిపిస్తాయి. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి ఏ కంచె చూసినా నాకు అనుమానమే.

మొన్న ఒక పాత భవనం మీద, రెండో అంతస్తు ఎత్తులో, పువ్వులా పోత పోసిన ఇనుప బిళ్ల కనిపించింది. మధ్యలో తుప్పుపట్టిన కొక్కెం. పదేళ్లుగా దాని కిందనుంచే నడుస్తున్నాను, ఒక్కసారీ తల ఎత్తలేదు. ట్రాముల కరెంటు తీగలను పట్టి ఉంచడానికి ఇలాంటివి వీధికి రెండు వైపులా ఎదురెదురు గోడలకు బిగించేవారు. ఇదీ అదేనా? ఎదురుగా కొత్త బిల్డింగ్ రావడంతో దాని జత ఉండేదో లేదో చూసే వీల్లేదు. పాత మ్యాపుల్లో ట్రాము దారి వెతికితే సరిపోతుందా, ఇంకేమైనా ఆధారం చూడాలా?

అలాగే, మీరు వీధిలో నడిచేటప్పుడు ముందుగా ఎక్కడ చూస్తారు? కాస్త చెప్పండి ప్లీజ్. పైకి చూస్తూ నడిచి ఇప్పటికే రెండుసార్లు తట్టుకుని పడ్డాను.