ఇంటి కంప్యూటర్‌కు పేరు తెలియని మదర్‌బోర్డు కొనవచ్చా?

గాజువాక నుంచి, ప్రశ్న:

నమస్కారం. మా చెల్లెలు బీకాం చదువుతోంది. ట్యాలీ, ఆన్‌లైన్ పాఠాలు, అప్పుడప్పుడు ఫోటోలు సరిచేసుకోవడం, అంతే పని. విశాఖ ద్వారకానగర్‌లో ఒక దుకాణంవారు రెండు కొటేషన్లు రాసి ఇచ్చారు. మొదటిదానిలో నేనెప్పుడూ వినని పేరున్న హెచ్61 రకం బోర్డు, ఇంటెల్ మూడో తరం ఐ5 ప్రాసెసర్. రెండోదానిలో బయోస్టార్ కంపెనీ హెచ్610 రకం బోర్డు, ఇంటెల్ పన్నెండో తరం ఐ3 ప్రాసెసర్. ఆ బయోస్టార్ పేరూ నాకు కొత్తే. మొదటిది చాలా చౌక. “ఐ3 కంటే ఐ5 పెద్దది కదా, బోర్డు ఏదైతేనేం, కొత్తదే, వారంటీ ఉంది” అంటున్నారు. పెద్ద పేరున్న బోర్డు కోసం ఇంకా డబ్బు పోయాలా?

మురళీనగర్ నుంచి:

అవసరం లేదు తమ్ముడూ. అస్‌రాక్‌ను చూడండి. బోర్డుల తయారీలో పెద్ద కంపెనీ అయిన ఆసుస్ 2002లో చౌక బోర్డుల కోసం మొదలుపెట్టిన పేరు అది. అప్పుడు దాన్ని కూడా అందరూ అనుమానంగానే చూశారు. ఇప్పుడు నాలుగు పెద్ద పేర్లలో ఒకటి. పెద్ద పేరు ఉంటే చాలు, బోర్డు నిక్షేపంలా ఉంటుందనుకోవడం పొరపాటు. 2023లో ఏఎండీ కంపెనీ రైజెన్ 7000 ఎక్స్3డీ ప్రాసెసర్లు కాలిపోయింది ఖరీదైన, పేరున్న బోర్డుల మీదే. చివరికి ఏఎండీ ప్రాసెసర్‌లో ఒక భాగానికి అందే ఎస్‌ఓసీ వోల్టేజీని 1.3 వోల్టులు దాటకుండా కట్టడి చేయాల్సి వచ్చింది. ట్యాలీ నడవడానికి అంత ఆర్భాటం ఎందుకు? మిగిలిన డబ్బుతో మంచి ఎస్‌ఎస్‌డీ (హార్డ్‌డిస్క్ కంటే వేగంగా పనిచేసే డిస్కు) వేయించండి, తేడా కళ్లకు కనబడుతుంది.

లాసన్స్ బే కాలనీ నుంచి:

ఎస్‌ఎస్‌డీ మాట బాగుంది. 2023 సంగతీ నిజమే, కానీ దాన్ని సగంలో ఆపేశారు. ఏఎండీ పెట్టిన ఆ కట్టడి వినియోగదారుల ఇళ్లకు ఎలా చేరింది? బోర్డు కంపెనీలు కొత్త బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే, బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్) విడుదల చేస్తేనే చేరింది. మరుసటి ఏడాది ఇంటెల్ 13, 14 తరాల ప్రాసెసర్లు ఎక్కువ వోల్టేజీ వల్ల దెబ్బతింటున్నాయని తేలినప్పుడూ అంతే. 2024 ఆగస్టులో ఇంటెల్ ఇచ్చిన మైక్రోకోడ్‌ను (ప్రాసెసర్ లోపలి సూచనలను) బయోస్‌లో కలిపి అందించింది బోర్డు తయారీదారులే. తప్పులు అందరి బోర్డుల్లోనూ ఉంటాయి. తప్పు బయటపడిన రోజున దాన్ని దిద్దే ఫైలు ఎవరు తయారు చేస్తారన్నదే నా ప్రశ్న.

అందుకే “పేరు తెలియనివి” అని అన్నింటినీ ఒకే గంపలో వేయవద్దంటాను. బయోస్టార్ 1986 నుంచి, ఈసీఎస్ 1987 నుంచి ఉన్న తైవాన్ సంస్థలు. కలర్‌ఫుల్ చైనాలోని షెన్‌జెన్ సంస్థ. మన దుకాణాల్లో తక్కువగా కనిపిస్తాయి, అంతే. వీటికి మోడల్‌వారీగా బయోస్ ఫైళ్లు, ఏయే ప్రాసెసర్లు పనిచేస్తాయన్న జాబితాలు ఉంటాయి. మరో రకం ఉంది: ఎవరో చేసిన బోర్డుకు మరెవరో స్టిక్కరు వేసి అమ్మేది. అట్టపెట్టె మీద ఒక పేరుంటుంది, బోర్డు మీద మోడల్ నంబరే ఉండదు. ఆ బోర్డుకు బయోస్ కోసం ఎక్కడ వెతుకుతారు?

ఇక ఆ హెచ్61. అది ఇంటెల్ 2011లో తెచ్చిన చిప్‌సెట్, అంటే బోర్డు మీద ప్రాసెసర్‌ను మిగతా భాగాలతో కలిపే చిప్. యూఎస్‌బీ 3.0 దానిలో స్వతహాగా లేదు. డిస్కును బోర్డుకు కలిపే సాటా దారి వేగం సెకనుకు 3 గిగాబిట్ల దగ్గరే ఆగుతుంది, కాబట్టి మంచి ఎస్‌ఎస్‌డీ వేసినా సగం వేగమే. ఇంటెల్ దాని తయారీ ఎప్పుడో మానేసింది. “కొత్త” హెచ్61 బోర్డుల మీద పాత బోర్డుల నుంచి ఊడదీసిన చిప్‌లు కనిపించడం ఈ వ్యాపారంలో తెలిసిన విషయమే. దాని మీద పెట్టే మూడో తరం ఐ5 కూడా ఎక్కడో వాడి తీసినదే అయి ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యమైనది: విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా విభాగం కావాలి, ఇంటెల్‌లో ఎనిమిదో తరమో ఆ పైదో కావాలి. మూడో తరం ప్రాసెసర్ ఆ గీతకు చాలా ఇవతలే ఉంది. బ్యాంకు పాస్‌వర్డులు కొట్టే యంత్రాన్ని భద్రతా మార్పులు అందని స్థితిలో ఒక చదువుకునే అమ్మాయి చేతికి ఇవ్వడం నాకు అన్యాయంగా తోస్తోంది.

ఐ5, ఐ3 పోలికా సరైనది కాదు. ఆ తరం ఐ5 చాలావాటిలో నాలుగు కోర్లు (లెక్కలు చేసే భాగాలు), నాలుగు థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరుసలు). పన్నెండో తరం ఐ3-12100లో నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. పైగా ఒక్కొక్క కోరూ చాలా వేగం.

మన ఊరి గాలి సంగతి కూడా చెప్పాలి. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు దానంతట అదే నీటిని పీల్చుకుని కరుగుతుంది. సముద్రానికి దగ్గరగా, కిటికీలు తెరిచి ఉండే ఇళ్లలో బోర్డు మీద పడే దుమ్ములో ఆ ఉప్పు ఉంటుంది. ర్యామ్ స్లాట్లలో బంగారు పూత పలచగా ఉన్నచోట కింది లోహం చివుకుతుంది. కంప్యూటర్ ఆన్ కాకపోతే ర్యామ్ తీసి రబ్బరుతో తుడిచి పెట్టడం ఇక్కడ అందరికీ తెలిసిన చిట్కా. తుడిచిన ప్రతిసారీ ర్యామ్ మీది పూత కూడా కొంచెం అరుగుతుంది. స్లాట్లు ఇలా చివకడం పెద్ద పేరున్న బోర్డుకూ తప్పదు, కానీ ఖర్చు మిగుల్చుకోవడం కోసం పూత తగ్గించిన బోర్డు ముందు పోతుంది.

మురళీనగర్ నుంచి:

విండోస్ మాటకు లినక్స్ ఉందిగా? డబ్బు లేనివాళ్లకు పాత బోర్డే దిక్కు. మొత్తంగా కొట్టిపారేస్తే వాళ్లు ఏం కొనాలి?

లాసన్స్ బే కాలనీ నుంచి:

లినక్స్ మంచిదే, నేను దానికి వ్యతిరేకిని కాను. కానీ ఆ అమ్మాయికి కావలసిన ట్యాలీ విండోస్ కోసం చేసినది. డబ్బు నిజంగా లేకపోతే, కార్యాలయాల్లో వాడి అమ్మేసిన ఎనిమిదో తరం డెస్క్‌టాప్ కొనండి. అది పాతదని చెప్పే అమ్ముతారు. పాత చిప్‌ను కొత్త పెట్టెలో పెట్టి అమ్మడం మీదే నా కోపం.

అక్కయ్యపాలెం నుంచి:

నేను చిప్ లెవెల్ సర్వీసు చేస్తాను. బయోస్ చెడిపోతే చిప్‌ను ప్రోగ్రామర్ అనే పరికరం మీద పెట్టి మళ్లీ రాస్తాం. పేరున్నవాటికి, బయోస్టార్ లాంటివాటికి ఫైలు దొరుకుతుంది. స్టిక్కరు బోర్డులకు అచ్చం అలాంటిదే మరో బోర్డు దొరికితే దాని నుంచి తీసుకోవాలి. దొరకకపోతే వెనక్కి ఇచ్చేస్తాం. కొనేముందు బోర్డు మీద అచ్చువేసిన మోడల్ నంబరు చూసి, అక్కడే ఫోనులో దాని బయోస్ పేజీ తెరవండి. వారంటీ దుకాణానిదా, కంపెనీదా, బోర్డు విశాఖలోనే తీసుకుంటారా, మనమే కొరియర్ చేయాలా అన్నది బిల్లు మీద రాయించండి.

మురళీనగర్ నుంచి:

హెచ్61 విషయంలో మీ ఇద్దరి మాట ఒప్పుకుంటున్నాను. కానీ గాజువాక తమ్ముడు అడిగిన అసలు ప్రశ్నకు నా జవాబు మారలేదు. బయోస్టార్ హెచ్610 తీసుకోవచ్చు. ఆ ఐ3 బేస్ పవర్ 60 వాట్లే, టర్బోలో, అంటే వేగం పెంచుకున్నప్పుడు, 89 వాట్లు. దానికి ఆ బోర్డు వీఆర్‌ఎం (ప్రాసెసర్‌కు కరెంటు సరిచేసి ఇచ్చే భాగం) సరిపోతుంది. పెద్ద పేరు కోసం ఇంకా పైన పెట్టడం దండగ.

గాజువాక నుంచి:

అందరికీ ధన్యవాదాలు. మొదటి బోర్డు పెట్టె విప్పి చూపించమని అడిగాను, దాని మీద మోడల్ నంబరు కనిపించలేదు. రెండోదాని బయోస్ పేజీ ఫోనులో వెంటనే తెరుచుకుంది. వారంటీకి బోర్డు ఎక్కడ ఇవ్వాలో రేపు చెబుతామన్నారు. అది రాసి ఇస్తే బయోస్టార్‌దే తీసుకుంటాను.