మంటల తర్వాత ఆగిన పార్కు రైలు: ఫీల్డ్ కాయిల్ లీకేజీ పోవట్లేదు

థీమ్ పార్కు రైలు, 72 వోల్టుల బ్యాటరీ ఇంజను, డీసీ సిరీస్ మోటారు. కంట్రోలర్ పెట్టెలో మంటలు రేగడంతో రైడ్ మూసి రిపేరు చేస్తున్నాం. కాలిన కేబుళ్లు, కాంటాక్టర్, కంట్రోలర్, మెయిన్ ఫ్యూజు కొత్తవి వేశాం. మోటారుకు మంట తగల్లేదు గానీ పొగ బాగా పట్టింది. తలనొప్పంతా అక్కడే.

వైర్లు విప్పి, బ్రష్‌లు ఎత్తి, 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ నిరోధం కొలిచే మీటరు; రీడింగ్ ఎంత తగ్గితే బాడీకి అంత లీకేజీ) బాడీకి చూస్తే ఆర్మేచర్ (తిరిగే భాగం) 20 మెగోమ్‌ల పైనే ఉంది. ఫీల్డ్ కాయిల్ (అయస్కాంత క్షేత్రాన్నిచ్చే, కదలని తీగ చుట్ట) మాత్రం తెల్లవారుజామున 0.4, ఎండెక్కాక 6 మెగోమ్‌లు. పీవీసీ కాలినప్పుడు వెలువడే హైడ్రోజన్ క్లోరైడ్ మసితో కలిసి లోపల లవణాలుగా పేరుకుని తేమ లాగుతోందని నా అంచనా. టెర్మినల్ స్టడ్‌ల మీద పచ్చటి చిలుము కూడా పట్టింది.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, 90 డిగ్రీల దగ్గర 8 గంటలు ఆరబెట్టాం. 15 దాకా ఎక్కింది, రెండు రాత్రులకే మళ్లీ మొదటికొచ్చింది. (ఆల్కహాల్ జిడ్డు తీస్తుంది, లవణాలను పెద్దగా కరిగించదు.) ఇలాగే వార్నిష్ కొడితే ఉప్పును లోపలే మూసేసినట్టవుతుందని ఆగాం.

కాయిల్స్ బయటికి తీసి డీమినరలైజ్డ్ (లవణాలు తీసేసిన) నీటితో కడిగి, ఆరబెట్టి, వార్నిష్ వేస్తే ఈ లీకేజీ నిలకడగా పోతుందా, రీవైండింగ్ (కొత్త తీగ చుట్టించడం) తప్పదా?