పాత ఫ్యాక్టరీ స్థలాల్లో ఇళ్ళు కట్టేముందు మట్టిని శుభ్రం చేసే ఖర్చు ఎవరిది?

బోరునీళ్ళు:
హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) లోపలా దాని పక్కనా ఉన్న పారిశ్రామిక భూములను ఇళ్ళకు, ఆఫీసులకు మార్చుకోవచ్చని 2025 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం హిల్ట్ పాలసీ తెచ్చింది. మొత్తం 9,292 ఎకరాలు. బాలానగర్, కాటేదాన్, జీడిమెట్ల, నాచారం అన్నీ అందులోవే. రోడ్డు వెడల్పును బట్టి రిజిస్ట్రేషన్ విలువలో 30 లేదా 50 శాతం ఫీజు కట్టాలి. ఎవరికెంత లాభం అనే గొడవ తప్ప, దశాబ్దాలుగా ఆసిడ్లు ఇంకిన మట్టి ఊసే లేదు. దాన్ని బాగుచేసే ఖర్చు అమ్ముకునేవాడే పెట్టుకోవాలి.

పాతషెడ్డు:
బాలానగర్‌లో మాది చిన్న లేత్ యూనిట్. మా నాన్న కొనకముందు అందులో క్రోమ్ ప్లేటింగ్ చేసేవాళ్ళు. షెడ్డు వెనక గోడ పక్కన తవ్వితే ఇప్పటికీ మట్టి పసుపుపచ్చగా కనిపిస్తుంది. అది మేం చేసింది కాదు. చేసినవాడు ఎప్పుడో అమ్ముకుని వెళ్ళిపోయాడు. కాగితాలు నా పేరున ఉన్నాయని బిల్లు నాకా? ఆ 30 శాతంలోంచే చేయించమనండి.

నాచారం_వాసి:
80 అడుగుల రోడ్డు దాటితే 50 శాతం అంటున్నారు. అది మాస్టర్ ప్లాన్‌లో వెడల్పా, ఇప్పుడున్న వెడల్పా?

బోరునీళ్ళు:
ఆ ఫీజు కొత్త కట్టడాల వల్ల పడే భారానికండీ, పాత విషానికి కాదు. రాజస్థాన్‌లో బిఛ్రి ఊరి బావులు చెడిపోతే, పాడుచేసినవాడే కట్టాలని సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది.

పాతషెడ్డు:
చెప్పింది సరే, వసూలైందా? 2011లో మళ్ళీ అదే కోర్టు వడ్డీతో కట్టమనాల్సి వచ్చింది. భోపాల్‌లో యూనియన్ కార్బైడ్ వదిలిపోయిన 337 టన్నుల వ్యర్థాలు కాల్చడానికి 126 కోట్లు సర్కారు సొమ్మే పెట్టారు. పెద్దవాళ్ళ దగ్గర వసూలు చేయలేక మాలాంటివాళ్ళ మీద పడతారు.

లా_పాయింట్:
కలుషిత స్థలాల మీద కేంద్రం 2025 జులైలో రూల్స్ తెచ్చింది. బాధ్యుణ్ణి గుర్తించి వసూలు చేయాలి. దొరక్కపోతేనో, కట్టలేకపోతేనో కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు భరించాలి. ఇద్దరూ ఒకసారి చదవండి.

బోరునీళ్ళు:
రూల్స్ సంగతి తర్వాత. మా అపార్ట్‌మెంట్ పాత ఫ్యాక్టరీ స్థలంలోనే కట్టారు. కొనేటప్పుడు ఎవరూ చెప్పలేదు. బోరు వేస్తే నీళ్ళు థిన్నర్ వాసన. బకెట్‌లో రాత్రంతా ఉంచితే అడుగున ఎర్రటి మడ్డి. బిల్డర్‌ని అడిగితే, కొత్త బోరు కదా, నాలుగు రోజులు తోడితే పోతుందన్నాడు. ఏళ్ళు గడిచినా పోలేదు. ట్యాంకర్ల డబ్బు ప్రతినెలా మేమే కడుతున్నాం. ఎవరు పెట్టాలి అని మీరు తీరిగ్గా వాదిస్తున్నారు, పెడుతున్నది మేము.

పాతషెడ్డు:
మీ బిల్డర్ మోసం చేస్తే నన్ను తిడతారేంటి?

బోరునీళ్ళు:
తిట్టడం లేదు, సూటిగా అడుగుతున్నా. పైసా మీది కాదు, ఖర్చంతా ప్రభుత్వానిదే అనుకోండి. అమ్మేముందు మట్టి పరీక్ష చేయించి రిపోర్టు అందరికీ తెలిసేలా పెడతారా?

పాతషెడ్డు:
పెట్టను. రిపోర్టు బయటపడిన రోజే బ్యాంకు వెనక్కి తగ్గుతుంది, కొనేవాడు సగానికి అడుగుతాడు. పక్క షెడ్డువాడు పరీక్ష చేయించకుండా పూర్తి రేటుకి అమ్ముకుంటాడు. మా వీధి మొత్తం ఒకే కాలవలోకి మురుగు వదిలింది. మచ్చ మాత్రం నా స్థలానికేనా? నాకు పెన్షన్ లేదు, పీఎఫ్ లేదు. ఉన్నది ఆ షెడ్డు ఒక్కటే.

బోరునీళ్ళు:
అయితే ఇంతసేపూ మనం కొట్టుకున్నది ఖర్చు గురించి కాదు. మీకు భయం రిపోర్టంటే. ఆ రిపోర్టు లేకనే నేను మునిగాను.

కాటేదాన్_టీచర్:
కాటేదాన్ మట్టిలో సీసం, క్రోమియం లాంటివి ఎక్కువగా ఉన్నాయని ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు ఎప్పుడో రాశారు. అయినా మా బడి పిల్లలు ఆ మట్టిలోనే ఆడుతున్నారు. వాళ్ళ అమ్మానాన్నలకు అమ్ముకోవడానికి షెడ్డూ లేదు, కొనుక్కోవడానికి ఫ్లాటూ లేదు. ఒక్కొక్కరి స్థలం కాదు, ఏరియా మొత్తం ప్రభుత్వమే ఒకేసారి పరీక్ష చేయించాలి. అప్పుడు ఒక్కరి మీదే మచ్చ పడదు.

పాతషెడ్డు:
అందరివీ ఒకేసారి అయితే నాదీ చేయండి మేడమ్. నాదొక్కటే అంటే గేటు తీయను.

బోరునీళ్ళు:
అందరివీ అయ్యేదాకా రిజిస్ట్రేషన్లు ఆపుతారా మరి? దానికి కూడా మీరు సరేనంటారా?