యుద్ధంలో జవాన్లు అక్కడికక్కడ కనిపెట్టిన చిన్న ఉపాయాలు చెప్పండి

గళ్ల_నోట్‌బుక్:
ట్యాంకులు, రాడార్లు, మిసైళ్లు వద్దు, వాటి సంగతి ఎక్కడైనా దొరుకుతుంది. ల్యాబ్ లేకుండా, పైనుంచి ఆర్డర్ లేకుండా, చేతికందిన సామానుతో పని కానిచ్చిన వస్తువులు కావాలి. నా దగ్గరున్నది ఒక్కటే. 1944 జూన్‌లో ఫ్రాన్స్‌లోని నార్మండీలో చీకట్లో పారాచూట్లతో దిగిన అమెరికన్ 101వ ఎయిర్‌బోర్న్ వాళ్లకు ఇత్తడి టిక్‌టిక్ బొమ్మలిచ్చారు. పిల్లలు ఆడుకునే బాపతే. ఒకసారి నొక్కితే అవతలి నుంచి రెండు నొక్కులు రావాలి. రాకపోతే అవతల ఉన్నది మనవాడు కాదన్నమాట. ఇలాంటివి ఇంకేమైనా?

పాత_సాపర్:
బాబూ, ఆ బొమ్మ ఆఫీసర్లు కొనిచ్చింది. జవాను బుర్రలో పుట్టింది కావాలంటే మొదటి ప్రపంచ యుద్ధంలో టర్కీలోని గల్లిపోలీ చూడండి.

1915 డిసెంబర్. అన్జాక్, సువ్లా తీరాల నుంచి దాదాపు 80 వేల మంది బ్రిటిష్ పక్షం జవాన్లను రాత్రిళ్లు గుట్టుగా పడవలెక్కించాలి. టర్కీ కందకాలు కొన్నిచోట్ల గట్టిగా దగ్గితే వినపడేంత దగ్గర. బ్రిటిష్ వైపు తుపాకులు ఒక్కసారిగా ఆగిపోతే వాళ్లకు అనుమానం వస్తుంది. అందరూ వెళ్లిపోయాక కాల్చేదెవరు?

విలియం స్కర్రీ అని ఆస్ట్రేలియా లాన్స్ కార్పొరల్, ఇరవై ఏళ్ల కుర్రాడు. మిత్రుడొకడితో కలిసి రెండు రేకు డబ్బాలు తీసుకున్నాడు. పైదాంట్లో నీళ్లు, కిందది ఖాళీ. కింది డబ్బాను పురికొసతో రైఫిల్ ట్రిగ్గర్‌కు కట్టాడు. పై డబ్బా నుంచి నీళ్లు కారి కిందది బరువెక్కితే తాడు లాగుతుంది, తుపాకీ పేలుతుంది. అంతే! డిసెంబర్ 20 తెల్లవారేలోపు ఆఖరివాళ్లు కూడా దిగిపోయారు. బూట్లకు గోనెగుడ్డలు చుట్టుకుని నడిచారు. వెనకాల ఎవరూ లేని కందకాల్లో తుపాకులు అప్పుడొకటి, అప్పుడొకటి పేలుతూనే ఉన్నాయి. ఆ కుర్రాడికి మెడల్ కూడా ఇచ్చారు.

ఒకప్పుడు సాపర్‌గా, అంటే సైన్యంలో ఇంజనీరింగ్ పనుల జవానుగా పనిచేసినవాణ్ని కాబట్టి మా సొంత డబ్బా కూడా కొంచెం కొట్టుకోనివ్వండి. ముళ్లకంచె తెగ్గొట్టే బెంగళూరు టార్పెడో మా మద్రాస్ సాపర్స్‌దే. 1912లో కెప్టెన్ మెక్‌క్లింటాక్ చేశాడు. పేలుడు మందు కూరిన గొట్టం ముక్కలు ఒకదాని వెనక ఒకటి తగిలించి కంచె కిందికి తోసుకుంటూ పోవడమే. మనిషి చాటునే ఉంటాడు, గొట్టం కంచె దాకా పోతుంది. 1944లో నార్మండీ తీరంలోని ఒమాహా బీచ్‌లోనూ కంచెలు తెగింది దీనితోనే.

డీజిల్_మెకానిక్:
నా ఓటు పెట్రోలు మోసే రేకు డబ్బాకి, అదే జెర్రీక్యాన్‌కి. పైనున్న మూడు పిడులు చూడండి, తమాషా అక్కడే ఉంది. నిండు క్యాన్‌ని ఒక్కడే మోస్తే మధ్య పిడి పట్టుకుంటాడు. ఇద్దరు మోస్తే చెరో చివర పట్టుకుంటారు. ఖాళీవైతే పక్కపక్కన పెట్టి చివరి పిడులు కలిపి ఒక చేత్తోనే రెండు ఎత్తేయొచ్చు. 20 లీటర్లు పోశాక కూడా పైన కొంచెం గాలి మిగులుతుంది, అందుకే నీళ్లలో పడినా తేలుతుంది. పక్కల మీద ఆ అడ్డగీతల నొక్కు సోకు కోసం కాదు. ఎండకు పెట్రోలు ఉబ్బినా రేకు పగలకుండా సాగడానికి. మూతికి స్క్రూ లేదు, లీవర్ నొక్కితే తెరుచుకుంటుంది, రెంచితో పని లేదు. పాత మోడల్ ఒకటి దొరికితే మూత తెరిచి లోపలికి చూడండి, గాలి పోవడానికి చిన్న గొట్టం ఉంటుంది. వంపేటప్పుడు గళగళమని ఆగి ఆగి పడకుండా ధారగా పడేది దానివల్లే.

పాత_సాపర్:
వస్తువు మంచిదే, కాదనను. కానీ అది 1930ల చివర్లో జర్మన్ ఇంజనీర్లు కూర్చుని గీసింది, జవాను చేసింది కాదు. జవాను సంగతంతా అవతలి పక్షంలో ఉంది. ఉత్తరాఫ్రికాలో బ్రిటిష్ వాళ్ల పల్చటి రేకు డబ్బాలు కారిపోయి పెట్రోలు ఇసుకపాలయ్యేది. దాంతో వాళ్లు శత్రువు క్యాన్లు దొరికితే వదిలేవాళ్లు కాదు. కారే తమ డబ్బాను మాత్రం సగానికి కోసి, ఇసుక పోసి, పెట్రోలు తడిపి టీ కాచుకునే పొయ్యి చేసుకున్నారు. నాకు ఆ పొయ్యి మీదే గౌరవం.

గళ్ల_నోట్‌బుక్:
సాపర్ గారూ, ఒక డౌటు. గల్లిపోలీలో ఆ నీళ్ల డబ్బాకి ముందే చిల్లు ఉంటే జవాన్లు ఇంకా అక్కడ ఉండగానే తుపాకీ పేలిపోదా? పైగా అన్నీ ఒకేసారి పేలితే దొరికిపోరా?

పాత_సాపర్:
చిల్లు ముందు పెట్టరు, బయల్దేరే ముందు పొడుస్తారు. చేత్తో పొడిచిన చిల్లులు ఒకదానిలా ఇంకోటి ఉండవు, అన్ని డబ్బాలూ ఒకే వేగంతో నిండవు. అందుకే తలో సమయానికి పేలాయి. ఆ సొట్ట పనితనమే ఇక్కడ కలిసొచ్చింది. మరీ నీటుగా చేసి ఉంటే అన్నీ కలిసి ఒకేసారి పేలేవి!

ఇలా కాసేపాగి పనిచేసేదే ఇంకోటి. 1939లో బ్రిటన్‌లో ఓడకు అయస్కాంతాలతో అంటుకునే లింపెట్ మైన్ తయారుచేస్తూ, నీళ్లలో నెమ్మదిగా కరిగే వస్తువు కోసం వెతికారు. చివరికి కుదిరింది పిల్లలు చప్పరించే సోంపు బిళ్ల. బిళ్ల కరిగితే స్ప్రింగ్ వదులుతుంది. అయితే దానికి ముందే తడి తగలకూడదు కదా, పైన కండోమ్ తొడిగారు. 1971 ఆగస్టులో అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని చిట్టగాంగ్, మోంగ్లా రేవుల్లో ఓడలు ముంచిన ముక్తి బాహిని (బంగ్లాదేశ్ విమోచన సేన) ఈతగాళ్లకూ అదే చిక్కు. వాళ్ల మైన్‌లో నీళ్లకు కరిగే ప్లగ్గు, వాళ్లు ఓడ దాకా ఈది చేరేలోపే కరిగిపోతుంది. ఉపాయమూ అదే, మళ్లీ కండోమే. దాడి ఎప్పుడో చెప్పడానికి వైర్‌లెస్ కోడ్ కూడా వాడలేదు. కలకత్తా ఆకాశవాణిలో ముందే అనుకున్న రెండు పాటల్లో మొదటిది వస్తే సిద్ధం కావాలి, రెండోది వస్తే దిగాలి. మామూలు ట్రాన్సిస్టర్ ఉంటే చాలు.

డీజిల్_మెకానిక్:
సరే సార్, జవాను చేసిందే కావాలంటే ఇదిగో. 1944 జులై, నార్మండీ. పొలాల చుట్టూ మట్టికట్టలు, వాటి మీద పొదలు. ట్యాంకు కట్ట ఎక్కితే ముక్కు పైకి లేచి, పల్చగా ఉండే అడుగు శత్రువుకు కనపడుతుంది. కర్టిస్ కలిన్ అనే అమెరికన్ సార్జెంట్ ముందుభాగానికి ఇనుప కోరలు వెల్డింగ్ చేసి చూపించాడు. కోరలు కట్టలో గుచ్చుకుని ముక్కు లేవనివ్వవు, ట్యాంకు కట్టను తవ్వుకుంటూ దూసుకుపోతుంది. ఆ ఇనుము ఎక్కడిదనుకున్నారు? పడవలు రాకుండా జర్మన్లు తీరంలో పాతిన అడ్డుకమ్మీలు! వెల్డర్లు రాత్రింబవళ్లు కొట్టి నెలాఖరు దాడికి వందల ట్యాంకులకు బిగించారు. దీనికి మార్కులేస్తారా?

పాత_సాపర్:
వేశాను. నూటికి నూరు.