పాత ఫిల్మ్ కెమెరా లైట్ మీటర్‌కు ఏ బ్యాటరీ నమ్మదగినది?

చాలాకాలం డిజిటల్ కెమెరాతోనే ఫొటోలు తీసిన నేను మళ్లీ ఫిల్మ్ వైపు వస్తున్నాను. నా దగ్గరున్నది ఒలింపస్ ఓఎం-1. దాని షట్టర్ పూర్తిగా యాంత్రికమైనది కనుక బ్యాటరీ లేకుండానే పనిచేస్తుంది, కానీ వెలుతురును కొలిచే లైట్ మీటర్‌కు 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీ కావాలి, అది ఇప్పుడు తయారు కావడం లేదు. అదే పరిమాణంలో దొరికే ఆల్కలైన్ బ్యాటరీ 1.5 వోల్టులతో మొదలై వాడేకొద్దీ తగ్గుతూ పోతుంది. వోల్టేజీ ఎక్కువగా ఉన్నప్పుడు మీటర్ వెలుతురును ఉన్నదానికంటే ఎక్కువగా చూపి, ఫిల్మ్‌పై తక్కువ వెలుతురు పడి నెగెటివ్ పలుచబడేలా చేస్తుంది. వినికిడి యంత్రాల్లో వాడే జింక్-ఎయిర్ బ్యాటరీ 1.4 వోల్టుల దగ్గర నిలకడగా ఉంటుంది గానీ, సీలు తీశాక వాడినా వాడకపోయినా ఎండిపోతుంది. మిగిలిన మార్గాలు రెండు: సిల్వర్ ఆక్సైడ్ బ్యాటరీ వోల్టేజీని తగ్గించే అడాప్టర్ కొనడం, లేదా మీటర్‌నే కొత్త వోల్టేజీకి సరిచేయించడం.

నలుపు-తెలుపు ఫిల్మ్ అయిన ఇల్ఫోర్డ్ హెచ్‌పీ5 ప్లస్ ఒక స్టాప్ తేడాను (అంటే వెలుతురు రెట్టింపు లేదా సగం కావడాన్ని) సులభంగానే భరిస్తుంది కాబట్టి దానితో మొదలుపెడతాను. అయితే నెగెటివ్ కాకుండా నేరుగా అసలు బొమ్మనే ఇచ్చే స్లైడ్ ఫిల్మ్‌కు అంత వెసులుబాటు లేదు, నాకు అసలు ఇష్టమైనది అదే.

ఈ పద్ధతుల్లో దేనినైనా ఏళ్ల తరబడి వాడినవారు తమ అనుభవం చెప్పగలరా? ముఖ్యంగా అడాప్టర్ వాడినప్పుడు, ఎండలోనూ మసక వెలుతురులోనూ మీటర్ ఒకేలా సరిగా చూపుతోందా? లేక మీటర్‌ను పక్కనపెట్టి చేతి మీటర్ కొనుక్కోవడమే మేలంటారా?