పటం చట్రాల మూలలు సందు లేకుండా కలవాలంటే రంపంలో ఏం సరిచేయాలి?

గోదావరి గట్టు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మేము రాజమహేంద్రవరంలో ఉంటాము. శ్రీకాళహస్తి కలంకారీ బొమ్మలకు ఇంట్లోనే టేకు చట్రాలు చేస్తున్నాను. టింబర్ డిపోలో కొన్న రీపర్లను (పొడవాటి చెక్క పట్టీలను) 40 మి.మీ. వెడల్పుకు చిత్రిక పట్టి, వెనుక అద్దం కూర్చోవడానికి 6 మి.మీ. గాడి తీసి, 10 అంగుళాల మైటర్ రంపంతో 45 డిగ్రీల కోత కోస్తున్నాను. బొమ్మ కొలత 300 × 450 మి.మీ.

నాకు రెండు చిక్కులు ఎదురవుతున్నాయి. కొత్త చట్రంలో మూడు మూలలు చక్కగా కలుస్తున్నాయి కానీ నాలుగో మూలలో లోపలి కొన నుండి బయటి కొన దాకా ఒకే వెడల్పున, సుమారు 1 మి.మీ. సందు మిగులుతోంది. రంపం మీది 45 గుర్తు తప్పని అనుమానించి దాన్ని అటూ ఇటూ జరుపుతూనే ఉన్నాను, సందు మాత్రం పోవడం లేదు. రెండోది, ఏప్రిల్‌లో చేసినప్పుడు వెంట్రుక కూడా దూరనంత బిగువుగా ఉన్న పాత చట్రానికి ఇప్పుడు వర్షాలు మొదలయ్యాక నాలుగు మూలల్లోనూ బయటి వైపున సన్నని చీలిక కనిపిస్తోంది. రంపం మార్చాలా, బ్లేడు మార్చాలా, లేక జిగురు విషయంలో జాగ్రత్త పడాలా అన్నది తెలిసినవారు చెప్పగలరు.

మూలమట్టం:

ముందుగా రంపాన్ని జరపడం ఆపండి. మీరు చెప్పిన రెండు లక్షణాలలో ఏదీ కోణం దోషాన్ని సూచించడం లేదు. సందు ఎక్కడ, ఏ ఆకారంలో ఉందో చూస్తేనే కారణం సగం తెలిసిపోతుంది.

కోణం తప్పితే సందు ఎప్పుడూ ఒక చివర మూసుకుని మరో చివర తెరుచుకుంటుంది. ప్రతి కోతలోనూ పట్టీ బయటి కొన కోణం 45కు బదులు 44.75 డిగ్రీలు పడిందనుకుందాం. చట్రం చుట్టూ బిగించే బెల్టు వేసి నాలుగు మూలలనూ సమంగా లాగితే బయటి కొనలు తాకుతాయి, లోపలి వైపున ప్రతి మూలలోనూ దాదాపు అర మిల్లీమీటరు సందు కనిపిస్తుంది. అలా కాకుండా మూడు మూలలను గట్టిగా కలిపేసి చూస్తే, మీ చట్రం కొలతకు నాలుగో మూలలో రెండు పట్టీలు కలవకపోగా సుమారు ఒక సెంటీమీటరు మేర ఒకదాన్నొకటి దాటిపోతాయి. కంటికి కనిపించని పావు డిగ్రీ ఎనిమిది కోతల్లో పేరుకుంటే ఇంత పని చేస్తుంది.

మీకున్నది సమాన వెడల్పు సందు, అదీ ఒక్క మూలలోనే. అది పొడవుల తేడా. ఎదురెదురు పట్టీల జతలో ఒకటి రెండోదాని కంటే సుమారు 1.4 మి.మీ. పొట్టిగా ఉంటే నాలుగో మూలలో సరిగ్గా 1 మి.మీ. సందు తేలుతుంది. టేపుతో కొలిచి సరిపోయిందనుకోవద్దు, టేపు కొక్కెం కదలికలోనే అంత తేడా దాగగలదు. జత పట్టీలను వీపులు ఆనించి, ఒక వైపు కొనలను చదునైన పలకకు తాకించి, రెండో వైపు కొనల మీద వేలు జరపండి. మెట్టు ఉంటే కంటికి తెలియకపోయినా వేలికి తెలుస్తుంది.

పటాలవీధి:

నేను పటాలు కట్టే దుకాణంలో పనిచేస్తాను. పై సమాధానంతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. పొడవులు ఎందుకు తప్పుతాయో మాత్రం చెప్తాను. మీరు ప్రతి పట్టీ మీదా పెన్సిల్ గీత గీసి ఆ గీతను చూస్తూ కోస్తున్నారని నా ఊహ. అలా చేస్తే ఏ రెండు పట్టీలూ ఒకటి కావు. రంపం కంచెకు (కోసేటప్పుడు పట్టీని ఆనించే వెనుక నిలువు పలకకు) ఒక చెక్క దిమ్మెను బిగించి, జతలో రెండు పట్టీలనూ ఆ దిమ్మెకే ఆనించి కోయండి. దిమ్మె కింది అంచును కాస్త చెక్కేసి రంపపు పొట్టు జారిపోయేలా చేయాలి, లేకపోతే రెండో పట్టీ ఆ పొట్టుకు ఆని పొట్టిదవుతుంది.

పొడవు లెక్కను బొమ్మ కొలత నుండే మొదలుపెట్టండి. అద్దం సులువుగా దిగడానికి 3 మి.మీ. కలిపితే గాడి కొలత 303 × 453 అవుతుంది. గాడికి బయట ప్రతి వైపునా 34 మి.మీ. చెక్క ఉంటుంది కాబట్టి కొన నుండి కొనకు 371, 521 మి.మీ. రావాలి.

ఇక మా దగ్గర కొత్తగా చేరిన కుర్రాళ్లు ఎవరూ గమనించని విషయం ఒకటుంది. గాడి తీసిన పట్టీ బల్ల మీద పూర్తిగా ఆనదు, గాడి ఉన్న వైపు కింద ఖాళీగా ఉంటుంది. బ్లేడు దిగేటప్పుడు పట్టీ ఆ వైపుకు రవ్వంత ఒరిగితే, కోత నిలువుగా పడక ముందు వైపు కలిసినట్లే కనిపించి వెనుక వైపు తెరుచుకుంటుంది, లేదా తారుమారవుతుంది. గాడి లోతుకు సరిపడే సన్నని పుల్లను కింద పెట్టి కోయండి. కంచెకు గరుకు కాగితం అతికిస్తే ఏటవాలు కోతలో పట్టీ పక్కకు జారకుండా ఉంటుంది. ఒక మిల్లీమీటరు ఎక్కువగా కోసి, బ్లేడును నెమ్మదిగా దింపుతూ ఆ మిల్లీమీటరును రెండోసారి తీసేయడం మా అలవాటు. 80 పళ్ల బ్లేడు అయితే ఆ చివరి కోత అద్దంలా వస్తుంది.

చెక్కపొట్టు:

పాత చట్రం సంగతి ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను చెప్తాను. అది మీ చేతి తప్పు కాదు, తేమ వల్ల జరిగింది. చెక్క తేమ పీల్చుకుంటే వెడల్పున ఉబ్బుతుంది కానీ పొడవున దాదాపు పెరగదు. అందువల్ల 45 డిగ్రీల కోత కాస్త ఎక్కువ కోణంగా మారి, లోపలి కొనలు ముందుగా తాకుతాయి, బయటి వైపు తెరుచుకుంటుంది. ఎండిపోయి ముడుచుకుంటే సరిగ్గా దీనికి విరుద్ధంగా లోపలి వైపు తెరుచుకుంటుంది.

టేకు మంచి చెక్కే అయినా దీనికి అతీతం కాదు. పచ్చి చెక్క పూర్తిగా ఎండేసరికి చెట్టు పెరుగుదల వలయాల వెంబడి సుమారు 5.8 శాతం, వలయాలకు అడ్డంగా సుమారు 2.5 శాతం ముడుచుకుంటుంది. వేసవికీ వానాకాలానికీ చెక్కలోని తేమ నాలుగు శాతం మారిందనుకుంటే, వలయాలు పట్టీ ముఖానికి సమాంతరంగా ఉన్న 40 మి.మీ. పట్టీ మూలలో అర మిల్లీమీటరుకు కొంచెం తక్కువ సందు ఏర్పడగలదు. పట్టీ 80 మి.మీ. వెడల్పుదైతే అది రెట్టింపవుతుంది. కాబట్టి డిపోలో రీపరు చివరలు చూసి, వలయాలు ముఖానికి నిలువుగా నిలబడి ఉన్నవాటిని ఏరుకోండి, కదలిక సగానికి పైగా తగ్గుతుంది. కోసే ముందు కొన్ని వారాలు చెక్కను ఇంట్లోనే ఆరనివ్వండి. పాలిష్‌ను ముందు వైపే కాకుండా వెనుకా, గాడిలోనూ వేయండి. అది తేమను ఆపలేదు కానీ రాకపోకలను నెమ్మదింపజేస్తుంది.

గోదావరి గట్టు:

ముగ్గురికీ కృతజ్ఞతలు. మూలమట్టం గారు చెప్పినట్లు వేలితో చూశాను, పొడవు పట్టీలలో ఒకదానికి మెట్టు స్పష్టంగా తగులుతోంది. మరో సందేహం ఉంది. మా వీధిలోని వడ్రంగి ఒకరు, కోత వెనుక వైపును రవ్వంత లోపలికి చెక్కేస్తే ముందు ముఖం తప్పకుండా బిగుస్తుందని అంటున్నారు. అది మంచి పద్ధతేనా?

పటాలవీధి:

ముఖం బిగుస్తుందన్నది నిజమే, ప్లాస్టిక్ పట్టీలకు మేమూ అలాగే చేస్తాము.

మూలమట్టం:

మీ టేకు చట్రానికి నేను వద్దంటాను. 2 మి.మీ. అద్దమే ఈ కొలతకు దాదాపు 700 గ్రాములు తూగుతుంది, ఆ బరువంతా మూలల జిగురు మీదే పడుతుంది. వెనుక చెక్కేస్తే జిగురు పట్టే మేర తగ్గిపోతుంది. అంతకంటే, కోసిన ముఖం మీద పలుచగా ఒక పూత జిగురు రాసి, చెక్క దాన్ని పీల్చుకున్నాక రెండో పూత వేసి బెల్టు బిగించండి. జిగురు ఆరకముందే రెండు కర్ణాలూ కొలిచి, పెద్దగా ఉన్న కర్ణం కొనలను కాస్త లోపలికి నొక్కి సమం చేయండి. ఆరిన తరువాత మూల బయటి నుండి రంపంతో సన్నని గాడి కోసి, దానిలో పలుచని టేకు ముక్కను జిగురుతో దిగేస్తే చెప్పుకోదగ్గ బలం వస్తుంది.

చెక్కపొట్టు:

పాత చట్రం చీలికల్లో మాత్రం ఇప్పుడు రంపపు పొట్టూ జిగురూ కలిపి నింపకండి. వానాకాలంలో నింపిన ఆ ముద్ద వేసవిలో చెక్క ముడుచుకున్నప్పుడు బయటి కొనలను తిరిగి కలవనివ్వదు, అప్పుడు లోపలి వైపు కూడా తెరుచుకుంటుంది. పైగా ఆ ముద్ద పాలిష్‌ను చెక్కలా పట్టుకోక నల్లని మచ్చలా మిగిలిపోతుంది. జనవరి దాకా ఆగి, అప్పటికీ మూసుకోకపోతే జిగురు ఊడిందని అర్థం కాబట్టి మూలను విప్పి మళ్లీ అతికించండి.